2147483647 ప్రధాన సంఖ్యేనా? మీ అంతట మీరే ఇలా తేల్చుకోండి

పది అంకెల సంఖ్య ఇది. ఏదో ఒక వెబ్‌సైట్‌లో కొడితే క్షణంలో "ప్రధాన సంఖ్యే" అని చెప్పేస్తుంది, అక్కడితో కథ అయిపోతుంది, ఎందుకో ఏమిటో మాత్రం మనకు తెలియదు. అదే పని మీరు స్వయంగా చేయొచ్చు. పదో తరగతి లెక్కలు గుర్తుంటే చాలు, ఒక నోట్‌బుక్కు, స్ప్రెడ్‌షీట్ ఉన్న ల్యాప్‌టాప్, ఒక ఖాళీ మధ్యాహ్నం ఉండాలి. వైజాగ్ ఉక్కపోతకి ఇంట్లో కూర్చోలేకపోతే ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లి కూర్చోండి.

ముందే ఒక మాట. పెద్ద సంఖ్య కనబడగానే భాగహారాలు మొదలుపెట్టొద్దు, అది ఎలా తయారైందో చూడండి. ఎందుకంటే అది తయారైన తీరును బట్టే దాన్ని భాగించగల సంఖ్యలు ఎలా ఉండాలో తెలిసిపోతుంది, అప్పుడు వేలల్లో ఉన్న పని వందల్లోకి వస్తుంది, ఇంకాస్త తెలివిగా చేస్తే ఇరవై తొమ్మిది మెట్లలో అయిపోతుంది.

ఈ సంఖ్యే ఎందుకు తీసుకున్నానంటే, ఇది మీ చుట్టూ ఉన్నదే. 32 బిట్ల కంప్యూటర్ లెక్కల్లో ధన సంఖ్యలకు చివరి హద్దు ఇదే. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టుకునే పాత ప్రోగ్రాములకు ఈ హద్దు 2038 జనవరి 19న వస్తుంది, మన టైము ప్రకారం పొద్దున్న 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి. ఆ తర్వాత సెకను లెక్కపెట్టడానికి వాటిలో చోటు ఉండదు.

ముందు పిన్ కోడ్‌తో చేయి తిప్పుకోండి

నేరుగా పది అంకెల మీద పడకుండా ఆరంకెలతో మొదలుపెడదాం, అదీ మన ఊరి సంఖ్యలతోనే. ఆంధ్రా యూనివర్సిటీ పిన్ కోడ్ 530003. ఎంవీపీ కాలనీది 530017. రెండూ బేసి సంఖ్యలు, రెండూ 3తో పోవు (అంకెల మొత్తం ఒకదానికి 11, ఇంకోదానికి 16), 5తో పోవు, 7తో, 11తో, 13తో కూడా పోవు. చూడ్డానికి రెండూ ప్రధాన సంఖ్యల్లాగే ఉంటాయి.

ఇక్కడ పాటించాల్సిన నియమం స్కూల్లో చెప్పిందే: వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే సరిపోతుంది. ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధం అయితే, ఆ రెండూ ఒకేసారి వర్గమూలం కంటే పెద్దవి కాలేవు కదా, ఒకటైనా దాని లోపే ఉండాలి. 728 వర్గం 529984, 729 వర్గం 531441, కాబట్టి మన రెండు పిన్ కోడ్‌లకీ 728 దాకా చూస్తే చాలు. ఆ లోపల 129 ప్రధాన సంఖ్యలున్నాయి.

530003ని వరసగా భాగించుకుంటూ వెళ్లండి. 112 ప్రధాన సంఖ్యలు విఫలమవుతాయి, 113వది 617, దానితో శేషం లేకుండా పోతుంది: 617 × 859 = 530003. ఏయూ పిన్ కోడ్ ప్రధాన సంఖ్య కాదన్నమాట, సగం దారిలో విసుగొచ్చి ఆపేసి ఉంటే ప్రధాన సంఖ్యేనని అనుకునేవాళ్లం. 530017 మాత్రం 727 దాకా దేనితోనూ పోదు, అది నిజంగానే ప్రధాన సంఖ్య. ఎంవీపీ కాలనీ వాళ్లు ఈ మాట నలుగురికీ చెప్పుకోవచ్చు!

ఈ చిన్న పని ఒక్కసారైనా చేత్తో చేయండి, కనీసం 100 దాకా. ఆ విసుగు అనుభవంలోకి వస్తేనే తర్వాత చెప్పే దారి ఎంత పనిని తప్పిస్తుందో అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు సంఖ్య

46340 వర్గం 2147395600, 46341 వర్గం 2147488281. మన సంఖ్య ఈ రెండింటి మధ్యలో ఉంది. అంటే 46340 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించాలి, అవి సుమారు 4,800. కంప్యూటర్‌కి అదేం లెక్కలోది కాదు, కాగితం మీద చేసేవాళ్లకు మాత్రం నెలల పని.

అందుకే సంఖ్య ఎలా తయారైందో చూడాలి. 2 పదో ఘాతం 1024. అలాంటి మూడు 1024ల్ని గుణిస్తే 1073741824, అది 2 ముప్పయ్యో ఘాతం. రెట్టింపు చేస్తే 2147483648. ఒకటి తీసేస్తే మన సంఖ్య. అంటే ఇది 2³¹ − 1. రెండు ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే ఇలాంటి సంఖ్యల్ని 17వ శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి మెర్సెన్ పేరుతో పిలుస్తారు.

ఈ రూపం తెలిశాక చిన్న సంఖ్యలతో శేషాలు నోటితోనే చెప్పేయొచ్చు, పది అంకెల్ని ముట్టుకోనక్కర్లేదు. 7తో చూడండి: 2³ అంటే 8, 7తో భాగిస్తే శేషం 1, కాబట్టి 2³⁰కి కూడా శేషం 1, 2³¹కి 2, ఒకటి తీసేస్తే 1. 31తో చూడండి: 2⁵ అంటే 32, శేషం 1, మళ్లీ అదే దారి, చివరికి శేషం 1. 11తో: 2¹⁰ అంటే 1024, శేషం 1, మళ్లీ 1. ఇలా మూడు నాలుగు చేసి చూసుకోండి. పెద్ద సంఖ్యను చూడకుండానే దాని శేషం చెప్పగలగడం ఈ మొత్తం పనికి ప్రాణం లాంటిది.

భాగించే సంఖ్య ఎలా ఉండాలి?

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, అవసరమైతే రెండుసార్లు చదవండి, ఎందుకంటే పని తగ్గేది ఇక్కడే.

మన సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఒకటి ఉందనుకుందాం, దాన్ని భ అందాం. అలాంటప్పుడు 2³¹ని భతో భాగిస్తే శేషం 1 రావాలి. ఇప్పుడు 2, 4, 8, 16 అంటూ రెండు ఘాతాల్ని వరసగా రాసుకుంటూ, ఒక్కొక్కదాన్నీ భతో భాగిస్తూ, మొట్టమొదటిసారి శేషం 1 ఎప్పుడు వస్తుందో చూస్తే, ఆ తర్వాత శేషం 1 వచ్చే ఘాతాలన్నీ ఆ మొదటి ఘాతానికి గుణిజాలే అవుతాయి (శేషాలు చక్రంలా తిరుగుతాయి కాబట్టి). 31వ ఘాతం దగ్గర 1 వస్తోంది. కాబట్టి మొదటి ఘాతం 31ని భాగించాలి. 31 ప్రధాన సంఖ్య, దాన్ని భాగించేవి 1, 31 మాత్రమే. 1 కుదరదు, ఎందుకంటే 2కి శేషం 1 రావాలంటే భ అనేది 1ని భాగించాలి. ఇక మిగిలింది 31.

ఫెర్మా సూత్రం ప్రకారం 2ని (భ − 1) ఘాతానికి తీసుకెళ్తే, భ బేసి ప్రధాన సంఖ్య అయినప్పుడు, శేషం 1 వచ్చి తీరాలి. అంటే భ − 1 అనేది 31కి గుణిజం. భ బేసి కాబట్టి భ − 1 సరి సంఖ్య కూడా. రెండూ కలిపితే భ − 1 అనేది 62కి గుణిజం. మనకు కావలసిన సంఖ్యలు 63, 125, 187, 249, 311... ఇలా 62 చొప్పున పెరిగేవి మాత్రమే. మిగతా వాటిని ముట్టుకునే పనే లేదు.

ఇంకో మెట్టుంది. 2³¹కి శేషం 1 అయితే 2³²కి శేషం 2. 2³² అంటే 65536 × 65536. అంటే ఒక వర్గ సంఖ్యను భతో భాగిస్తే 2 మిగులుతోంది. 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగిలే ప్రధాన సంఖ్యల దగ్గర మాత్రమే ఇది కుదురుతుంది, ఇది సంఖ్యాశాస్త్రంలో పాత సిద్ధాంతం, దీన్ని ఇప్పటికి నమ్మండి, డిగ్రీ పుస్తకాల్లో నిరూపణ ఉంటుంది. మన జాబితాలో 63ని 8తో భాగిస్తే 7 మిగిలింది, ఉంచాలి. 125కి 5, తీసేయాలి. 187కి 3, తీసేయాలి. 249కి 1, ఉంచాలి. ఆ తర్వాత ఇదే వరస మళ్లీ మళ్లీ వస్తుంది. నాలుగింట్లో రెండు మిగులుతాయి, కాబట్టి మనకు కావలసినవి 248కి గుణిజం కంటే ఒకటి ఎక్కువున్నవి, లేదా 63 ఎక్కువున్నవి. అంతే.

ఇది నిజమో కాదో చిన్నవాటి మీద చూసుకోండి, ఊరికే ఒప్పుకోవద్దు. 2¹¹ − 1 అంటే 2047. 11 ప్రధాన సంఖ్యే అయినా 2047 కాదు, 23 × 89. మన నియమం ప్రకారం కారణాంకాలు 22కి గుణిజం కంటే ఒకటి ఎక్కువ ఉండాలి: 23 అంటే 22 + 1, 89 అంటే 88 + 1, సరిపోయింది. 8తో భాగిస్తే 23కి 7, 89కి 1 మిగులుతాయి, అదీ సరిపోయింది. 2²⁹ − 1 అంటే 536870911, అది 233 × 1103 × 2089. మూడింటిలోంచీ ఒకటి తీసేసి 58తో భాగించి చూడండి, 4, 19, 36 వస్తాయి, ఎక్కడా శేషం లేదు. మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు పులకరిస్తుంది, నిజంగా.

372 భాగహారాలు

ఇప్పుడు స్ప్రెడ్‌షీట్ తెరవండి. మొదటి నిలువు వరసలో 1 నుంచి 186 దాకా సంఖ్యలు వేయండి. రెండో వరసలో ఆ సంఖ్యను 248తో గుణించి 1 కలపండి, మూడో వరసలో 248తో గుణించి 63 కలపండి. చివరి గళ్లలో 46129, 46191 రావాలి, రాకపోతే ఫార్ములా ఎక్కడో తప్పింది. ఆ పై మెట్టుకి వెళ్తే 46340 దాటిపోతాం కాబట్టి అక్కడే ఆపాలి. నాలుగు, అయిదు వరసల్లో మాడ్ ఫంక్షన్‌తో 2147483647ని వాటితో భాగిస్తే వచ్చే శేషాలు వేయించండి. మొత్తం 372 శేషాలు. వాటిలో సున్నా ఉందేమో వెతకండి.

ఉండదు. ఒక్కటీ ఉండదు. అంతే, నిరూపణ అయిపోయింది.

మీ షీట్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి మూడు విలువలు ఇస్తున్నాను: 311తో శేషం 35, 1303తో 226, 1489తో 199. ఫోన్ క్యాలిక్యులేటర్‌తో చేసేవాళ్లు దశాంశాలు చూసి కంగారుపడొద్దు. 311తో భాగిస్తే 6905092 తర్వాత ఏవో దశాంశాలు వస్తాయి, దశాంశాలు వదిలేసి 6905092ని 311తో గుణించండి, 2147483612 వస్తుంది, దాన్ని అసలు సంఖ్యలోంచి తీసేస్తే 35.

నిజానికి 372 కూడా అక్కర్లేదు. 249 అంటే 3 × 83, 497 అంటే 7 × 71, 559 అంటే 13 × 43, ఇలాంటివన్నీ ప్రధాన సంఖ్యలు కావు కాబట్టి వాటిని వదిలేయొచ్చు (2047 కూడా ఈ జాబితాలో తగులుతుంది). అలా ఏరేస్తే వందకి లోపే మిగులుతాయి. చేత్తో చేసేవాళ్లయితే ఏరుకోండి, షీట్‌లో అయితే ఆ శ్రమ దండగ.

1772లో గణితవేత్త అయిలర్ చేసింది సరిగ్గా ఇదే దారి. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పూర్తిగా పోయింది. సెంట్ పీటర్స్‌బర్గ్ నుంచి బెర్నూలీ అనే గణితవేత్తకి రాసిన ఉత్తరంలో 2³¹ − 1 ప్రధాన సంఖ్యేనని చెప్పాడు, 248 మీద ఒకటి, 248 మీద అరవై మూడు అనే ఈ రెండు వరసల్నే పరీక్షించాడు. అంతకుముందు 1603లో కటాల్డీ అనే ఇటలీ ఆయన 23, 29, 31, 37 ఘాతాలకి నాలుగూ ప్రధాన సంఖ్యలే అని ప్రకటించాడు, అందులో 31 ఒక్కటే నిలబడింది. 2²³ − 1ని 47 భాగిస్తుంది (47 అంటే 46 + 1, చూశారా మన నియమం!). 23కీ, 37కీ కారణాంకాలు ఫెర్మా చూపించాడు, 29కి అయిలరే చూపించాడు.

ఒక చోట జాగ్రత్త

ఇంటర్నెట్‌లో చాలామంది ఒక సులువైన పరీక్ష చెబుతారు: 2ని (సంఖ్య − 1) ఘాతానికి తీసుకెళ్లి, ఆ సంఖ్యతోనే భాగిస్తే శేషం 1 వస్తే ప్రధాన సంఖ్య అని. మామూలు సంఖ్యలకి అది చాలాసార్లు సరైన దారే చూపిస్తుంది, కానీ మన రకం సంఖ్యల దగ్గర ఆ పరీక్షకి ఏ విలువా లేదు. 2047 తీసుకోండి. 2¹¹కి శేషం 1. 2046 అనేది 11 × 186. కాబట్టి 2ని 2046 ఘాతానికి తీసుకెళ్లినా శేషం 1 వస్తుంది, పరీక్ష పాసవుతుంది, అయినా 2047 అంటే 23 × 89. ఘాతాంకం ప్రధాన సంఖ్య అయిన ప్రతి మెర్సెన్ సంఖ్యా, అది ప్రధాన సంఖ్య అయినా కాకపోయినా, ఈ పరీక్షలో పాసవుతుంది. అందుకే ఇలాంటి సంఖ్యల వేటలో ఉన్నవాళ్లు 2కి బదులు 3తో పరీక్షిస్తారు.

ఇరవై తొమ్మిది మెట్ల దారి

భాగించే సంఖ్యల కోసం అస్సలు వెతక్కుండా తేల్చే పద్ధతి ఇంకొకటుంది. 1870లలో ఫ్రాన్సులో లూకా కనిపెట్టాడు, 1930లో అమెరికా గణితవేత్త లేమర్ దాన్ని ఇప్పుడు మనం వాడే రూపానికి తెచ్చాడు. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసేయండి, మన మెర్సెన్ సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోండి. మళ్లీ వర్గం, మళ్లీ 2 తీసేయడం, మళ్లీ శేషం. ఘాతాంకం కంటే రెండు తక్కువసార్లు ఇలా చేశాక సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. ఎందుకు పనిచేస్తుందో చెప్పాలంటే వర్గమూలం 3 కలిసిన సంఖ్యల్లోకి వెళ్లాలి, అది ఇంకో రోజు పని. చేయడం మాత్రం చాలా తేలిక.

ముందు 127 మీద, అంటే 2⁷ − 1 మీద చేత్తో చేయండి. ఘాతాంకం 7, కాబట్టి 5 మెట్లు. ఇక్కడ శేషం తీయడానికి ఒక చిట్కా ఉంది, భాగహారం లేకుండా కూడికతో అయిపోతుంది. 128ని 127తో భాగిస్తే 1 మిగులుతుంది కదా, కాబట్టి సంఖ్యలో 128లు ఎన్నున్నాయో చూసి, ఆ లెక్కని మిగిలినదానికి కలిపేస్తే చాలు.

4 వర్గం 16, రెండు తీసేస్తే 14. ఒక మెట్టు. 14 వర్గం 196, రెండు తీసేస్తే 194, అందులో 128 ఒకటి, మిగిలింది 66, కలిపితే 67. రెండో మెట్టు. 67 వర్గం 4489, రెండు తీసేస్తే 4487, అందులో 128లు 35, మిగిలింది 7, కలిపితే 42. మూడు. 42 వర్గం 1764, రెండు తీసేస్తే 1762, అందులో 13, మిగిలింది 98, కలిపితే 111. నాలుగు. 111 వర్గం 12321, రెండు తీసేస్తే 12319, అందులో 96, మిగిలింది 31, కలిపితే 127. 127 అంటే 127 పరంగా సున్నాయే. అయిదో మెట్టులో సున్నా వచ్చింది, 127 ప్రధాన సంఖ్య.

2047 మీద తొమ్మిది మెట్లు చేస్తే 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736 వస్తాయి. చివరిది సున్నా కాదు. కాబట్టి 2047 ప్రధాన సంఖ్య కాదు, 23 ఏమిటో 89 ఏమిటో తెలియకుండానే తేలిపోయింది. నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చేది అదే, కారణాంకం చూపించకుండానే ఉందని చెప్పేస్తుంది.

ఇప్పుడు 2³¹ − 1. ఘాతాంకం 31, మెట్లు 29. ఇక్కడ స్ప్రెడ్‌షీట్‌ని నమ్మొద్దు. పది అంకెల సంఖ్యని వర్గం చేస్తే పంతొమ్మిది అంకెల దాకా వస్తుంది, స్ప్రెడ్‌షీట్లు పదిహేను అంకెల దాకే సరిగ్గా ఉంచుకుంటాయి, ఆ తర్వాతవి చెప్పాపెట్టకుండా సున్నాలు చేసేస్తాయి. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలకీ ఇదే ఇబ్బంది, 2⁵³ దాటాక నమ్మకం లేదు. పైథాన్ వాడండి, అందులో పూర్ణాంకాలకి హద్దు లేదు. సీ భాషలో రాసేవాళ్లు 64 బిట్ల పూర్ణాంకం పెట్టుకుంటే సరిపోతుంది, ఎందుకంటే వర్గం 2⁶² దాటదు. ప్రోగ్రాం అంటే పెద్దదేమీ కాదు: ఒక చలరాశికి 4 ఇవ్వండి, 29 సార్లు తిరిగే లూప్ పెట్టండి, లోపల వర్గం చేసి 2 తీసి 2147483647తో శేషం తీయండి, ప్రతి మెట్టులోనూ ప్రింట్ చేయించండి. ప్రింట్ చేయించడం మర్చిపోవద్దు, చివరి సున్నా ఒక్కటే చూస్తే అసలు అందం కనబడదు.

సరిచూసుకోవడానికి: మూడో మెట్టులో 37634, నాలుగో మెట్టులో 1416317954, అయిదో మెట్టులో 669670838 రావాలి. ఆ తర్వాత సంఖ్యలు అడ్డదిడ్డంగా ఎగురుతూ ఉంటాయి, 27వ మెట్టు దగ్గర కూడా 1181536708 అని ఏ పోలికా లేని సంఖ్యే ఉంటుంది. 28వ మెట్టులో మాత్రం హఠాత్తుగా 65536 వస్తుంది. ఇందాక మనం చూసిన 65536, దాని వర్గానికి 2 మిగలాలి అనుకున్నది. దాన్ని వర్గం చేస్తే 2³², మన సంఖ్యతో భాగిస్తే శేషం 2, రెండు తీసేస్తే సున్నా. 29వ మెట్టు.

1876లో లూకా ఇదే తరహా పద్ధతితో, ఏ యంత్రమూ లేకుండా, 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని తేల్చాడు, దానికి 39 అంకెలు.

పక్కవాళ్లతో పోల్చి చూడండి

మన సంఖ్యకి ముందున్న ప్రధాన సంఖ్య 2147483629, తర్వాతది 2147483659. వీటిని తేల్చమంటే పైన చెప్పిన చిట్కాలేవీ పనిచేయవు, ఎందుకంటే అవి 2 ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చినవి కావు. స్కూలు దారిలో వెళ్తే సుమారు 4,800 భాగహారాలూ చేయాల్సిందే. అదే పరిమాణం, అదే పది అంకెలు, అయినా పని మాత్రం ఎన్నో రెట్లు.

ఇంకో ధర్మం కూడా పనిలో పనిగా చూసేయండి. మన సంఖ్యను 2³⁰తో గుణిస్తే 2305843008139952128 వస్తుంది. దాన్ని భాగించే సంఖ్యలన్నీ (దాన్ని మినహాయించి) కూడితే మళ్లీ అదే వస్తుంది. 6, 28, 496 తరహా పరిపూర్ణ సంఖ్యల్లో ఎనిమిదోది.

7 అనే చిన్న తాళం చెవి

ప్రధాన సంఖ్య అని తేలాక దానితో ఏం చేయొచ్చో కూడా చూడండి, ఇది కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకి బాగా పనికొస్తుంది. ముందుగా మన సంఖ్యలోంచి 1 తీసేసి కారణాంకాలు తీయండి. 2147483646 అంటే 2 × (2³⁰ − 1). 2³⁰ − 1ని (2¹⁵ − 1) × (2¹⁵ + 1)గా విడగొడితే 32767 × 32769. మొదటిది 7 × 31 × 151, రెండోది 3 × 3 × 11 × 331. మొత్తం ప్రధాన కారణాంకాలు 2, 3, 7, 11, 31, 151, 331. కాగితం మీదే అయిపోయింది.

ఇప్పుడు 7 ఘాతాల్ని వరసగా రాస్తూ మన సంఖ్యతో శేషాలు తీసుకుంటూ పోతే, 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా ఒక్కొక్కసారి వచ్చి, అప్పుడే చక్రం మళ్లీ మొదలవుతుంది. ఈ మాట నిజమో కాదో తేల్చడానికి రెండు వందల కోట్ల మెట్లు ఎక్కక్కర్లేదు. 2147483646ని పై ఏడు కారణాంకాల్లో ఒక్కొక్కదానితో భాగించండి, ఆ వచ్చిన ఘాతానికి 7ని తీసుకెళ్లి శేషం చూడండి, ఏడింటిలో ఎక్కడా 1 రాకపోతే చక్రం పూర్తి నిడివిదే. పైథాన్‌లో పౌ (pow) ఫంక్షన్‌కి మూడో విలువగా 2147483647 ఇస్తే శేషం అదే తీసి ఇస్తుంది. 2తో ఇదే ప్రయత్నం చేస్తే 31 మెట్లకే చక్రం తిరిగిపోతుంది, ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు.

7 అయిదో ఘాతం 16807. దానికీ ఇదే గుణం ఉంది, ఎందుకంటే 2147483646ని 5 భాగించదు. 1తో మొదలుపెట్టి, 16807తో గుణించి శేషం తీస్తూ పోండి: 16807, 282475249, 1622650073... యాదృచ్ఛిక సంఖ్యల్లా కనబడతాయి. 1988లో పార్క్, మిల్లర్ అనే ఇద్దరు యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించడానికి దీన్నే కనీస ప్రమాణంగా వాడమన్నారు, సీ ప్లస్ ప్లస్ ప్రామాణిక లైబ్రరీలో ఇప్పటికీ ఉంది. పదివేల మెట్లు తిప్పితే 1043618065 రావాలి, అది వస్తే మీ ప్రోగ్రాం సరైనదే. ఆటల్లో, చిన్న ప్రయోగాల్లో వాడుకోండి, పాస్‌వర్డులకీ ఓటీపీలకీ మాత్రం ఎప్పుడూ వాడొద్దు, ఒక్క సంఖ్య తెలిస్తే తర్వాతవన్నీ ఎవరైనా లెక్కగట్టేస్తారు.

ఇంకా ముందుకు వెళ్లాలనుకుంటే

అదే ప్రోగ్రాంలో 31 తీసేసి 61 పెట్టండి, 59 మెట్లు, పంతొమ్మిది అంకెల సంఖ్య, కన్ను మూసి తెరిచేలోగా సున్నా వస్తుంది. 67 పెట్టండి, సున్నా రాదు. 1644లో మెర్సెన్ తన జాబితాలో 67ని ప్రధాన సంఖ్యల వైపు రాసుకున్నాడు, 1903లో కోల్ అనే ఆయన దాని కారణాంకాలు చూపించాడు: 193707721, 761838257287. మొదటిదాంట్లోంచి ఒకటి తీసేసి 134తో భాగించి చూడండి. 89, 107, 127 కూడా పెట్టి చూడండి, ఆ తర్వాత 521 దాకా ఏదీ తగలదు. 521ని మొదట పట్టుకున్నది 1952లో, అమెరికాలో ఒక కంప్యూటర్ మీద.

ఇప్పటికి తెలిసిన అతిపెద్ద ప్రధాన సంఖ్య కూడా ఈ జాతిదే: 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1, అంకెలు 4,10,24,320. 2024 అక్టోబరులో లూక్ డ్యురాంట్ కనుక్కున్నాడు, 1996 నుంచి నడుస్తున్న జింప్స్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టులో భాగంగా. అందులో మీరూ చేరొచ్చు, ప్రైమ్95 అనే ఉచిత ప్రోగ్రాం డౌన్‌లోడ్ చేసుకుంటే అది మీ కంప్యూటర్‌కి ఒక ఘాతాంకం ఇచ్చి లెక్క చేయించుకుంటుంది. డెస్క్‌టాప్ ఉంటే దాని మీద నడపండి, ల్యాప్‌టాప్ అయితే రాత్రి కిటికీ తెరిచి ఫ్యాన్ కింద పెట్టి నడపండి, ఎందుకంటే ప్రాసెసర్ గంటల తరబడి పూర్తి వేగంతో పనిచేస్తుంది, మన వేసవిలో అది బాగా వేడెక్కుతుంది, కరెంటు మీటరు కూడా తిరుగుతుంది. మొదట ఒక రాత్రి నడిపి చూసుకుని, ఆ తర్వాతే రోజూ నడపాలో వద్దో నిర్ణయించుకోండి.